ఏ జిల్లాకూ చెందని సరస్సు

పైన్ నారోస్,
4 మే 1992

పోలార్డ్ టీచర్ గారికి,

గార్త్ హూపర్ నమస్కారాలు. గుర్తున్నానా? మూడో వరస బెంచీ, ఎడమచేతి వాటం, ఎక్కాలు రాకపోయినా పటాలు మాత్రం గీసేవాణ్ణి. మీరు తుంటి ఎముక విరిగి హార్‌గ్రేవ్ వృద్ధాశ్రమానికి వెళ్ళిపోయి రెండేళ్ళు దాటింది. తొంభై కిలోమీటర్లు కారు తోలుకుని ఒక్కసారైనా రానందుకు సిగ్గుగానే ఉంది. పని పడితే తప్ప వీడికి నేను గుర్తురానా అని మీరు అనుకునేలోపు నేనే ఒప్పేసుకుంటాను. పని పడింది.

క్రిందటి ఆగస్టులో కెటిల్ సరస్సు దగ్గర జరిగింది మీదాకా వచ్చే ఉంటుంది. టొరంటో నుంచి వేసవికి వచ్చిన ఒకాయనకి గుండె పట్టేసింది. భార్య ఫోన్ చేస్తే మన తూర్పు జిల్లావాళ్ళు "ఆ ఒడ్డు పడమటి జిల్లాదమ్మా" అన్నారట. పడమటివాళ్ళు "ఏ కెటిల్? మాకు రెండున్నాయి" అన్నారట. అంబులెన్సు చేరేసరికి యాభై నిమిషాలు. ఆయన దక్కలేదు.

అందుకని ఇప్పుడు రెండు జిల్లాలూ కలిసి ప్రతి కాటేజీకీ ఒక అంకె, ప్రతి దారికీ ఒక పేరు పెడుతున్నాయి. ఏ ఇల్లు ఎవరిదో, ఆపద వస్తే ఎవరు పరిగెత్తాలో తేల్చాలి. చలికాలం మంచు తోసే బండి నడిపేవాడికి వేసవిలో పనేముందని ఆ పని నా నెత్తిన పెట్టారు. హద్దు పొడవునా సరస్సులు నూట నలభై. అందులో బురద సరస్సులు ఏడు, పొడుగు సరస్సులు నాలుగు, అసలు పేరే లేనివి ఇరవై పైన. ఒక్కో బడి పిల్లాడి ఇంటికీ నడిచివెళ్ళిన మనిషి మీరొక్కరే. జాబితా, పటం జతచేశాను. తెలిసినంత రాసి పంపండి.

మా ఆవిడ మార్లీన్ మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది.

మీ
గార్త్


సెడార్ హౌస్, హార్‌గ్రేవ్,
12 మే 1992

గార్త్‌కు,

నీ ఉత్తరంలో తప్పులు ఆరు. ఎర్రసిరాతో దిద్ది జాబితాతో పాటు వెనక్కి పంపుతున్నాను. నలభై మూడేళ్ళొచ్చాయి, చుక్క పెట్టాల్సినచోట చుక్క పెట్టడానికి ఇంకా బద్ధకమేనా?

నువ్వు రాకపోవడం గురించి బాధపడకు. ఇక్కడ నాకు లోటు లేదు. కిటికీలోంచి కార్లు ఆపుకునే చోటు కనిపిస్తుంది. పదకొండున్నరకే భోజనం పెట్టేస్తారు, జైల్లోలాగ. నా పక్కగది ఆవిడ రోజూ నా పేరు అడుగుతుంది, రోజూ చెబుతాను, రోజూ "చాలా మంచి పేరు" అంటుంది. ఇంతకన్నా మర్యాద ఎక్కడ దొరుకుతుంది చెప్పు.

నీ పటం పట్టుకుని నాలుగు రోజులు మంచం మీద పరుచుకుని కూచున్నాను. ఎంతకాలానికి! బురద సరస్సులు ఏడింటికీ పాత పేర్లు వేరే ఉన్నాయి, రాశాను. పద్నాలుగో నంబరుది ముసలి హ్యాచ్ గారి దూడ మునిగిన సరస్సు. ఇరవై రెండోది నిజానికి రెండు సరస్సులు, నీళ్ళు తగ్గిన ఏడు మధ్యలో నడిచివెళ్ళొచ్చు.

హద్దు విషయం ఒకటి తెలుసుకో. తూర్పు నుంచి 1862లో ఒక సర్వేయరు కొలిచే గొలుసు లాక్కుంటూ వచ్చాడు. పడమర నుంచి 1874లో ఇంకొకడు. ఇద్దరూ ఒకే గీత దగ్గర ఆగాలి. ఒకడి దిక్సూచిని ఇనుపరాయి తప్పుదారి పట్టించింది, ఇంకొకణ్ణి విస్కీ పట్టించింది. ఇద్దరి గీతలూ దక్షిణాన కలిశాయి గాని ఉత్తరాన విడిపోయాయి. మధ్యలో ఒక చీలిక మిగిలిపోయింది. వెడల్పు ఎక్కువున్నచోట మైలు దాకా ఉంటుంది. అది ఎవరిదీ కాదు.

నీ జాబితాలో ముప్ఫై ఒకటో నంబరు, చేతితొడుగు ఆకారంలో ఉన్న చిన్న సరస్సు, ఆ చీలికలోదే. అక్కడ ఎవరూ లేరు. వెళ్ళి టైము పాడుచేసుకోకు.

వెర్నా పోలార్డ్


పైన్ నారోస్,
20 జూన్ 1992

టీచర్ గారికి,

మీ కాగితాలు చూసి మా ఆఫీసులో నోళ్ళు తెరిచారు. ఈసారి తప్పులు నాలుగుకు మించి ఉండవు, మార్లీన్ చూసింది.

నల్లీగలు నా చెవులు తినేశాయి. అంతకన్నా కాటేజీలవాళ్ళు ఎక్కువ తిన్నారు. ఒకావిడ తన ఇంటికి పదమూడు వద్దంటుంది. "అమ్మా, మీది నాలుగువందల పదమూడు" అంటే "చివర పదమూడే కదయ్యా" అంటుంది. ఆల్డర్ సరస్సు దగ్గర ఒకాయన ఇల్లు గజం తేడాతో మన జిల్లాలోకి వచ్చింది. ముఖం మాడ్చుకున్నాడు. "మేం పడమటివాళ్ళం, మా తాత నాటినుంచీ పడమటివాళ్ళం" అన్నాడు. "అంబులెన్సు మాత్రం తూర్పు నుంచి వస్తుంది సార్" అన్నాను. "అయితే నేను చచ్చేటప్పుడు తూర్పువాణ్ణి" అని బీరు ఇచ్చాడు.

మీరు చెప్పిన చీలిక నిజమే. మన జిల్లా పటంలో అది పడమటివాళ్ళదిగా ఉంది. వాళ్ళ పటంలో మనదిగా ఉంది! నూట పద్దెనిమిదేళ్ళ నుంచి ఎవరూ రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూడలేదన్నమాట. సరే, ఖాళీ నేలే కదా, ఆఖర్లో చూసుకుంటాను.

మీ
గార్త్


సెడార్ హౌస్, హార్‌గ్రేవ్,
28 జూన్ 1992

గార్త్‌కు,

తప్పులు రెండే. మార్లీన్‌ని మెచ్చుకున్నానని చెప్పు.

ఆల్డర్ సరస్సు ఆయన తాతకు చదువు చెప్పలేదు గాని తండ్రికి చెప్పాను. ఆయనకీ దిక్కులు తెలిసేవి కావు.

ఒక మాట. ఒకవేళ పనిమీద ఆ ముప్ఫై ఒకటి వైపు వెళ్ళాల్సి వస్తే, దుంగలు తోలిన పాత దారి చివర బీవర్ జంతువులు కట్టిన అడ్డకట్ట ఉంటుంది. దాని మీద నడవకు, గుల్లగా ఉంటుంది. కుడివైపు నీళ్ళలో మూడు బండలున్నాయి, రెండోది వాన పడితే జారుతుంది. అది దాటితే ఒక చిన్న ఎత్తు. అక్కణ్ణించి సరస్సు మొత్తం కనిపిస్తుంది. పొగలాంటిది ఏమైనా కనిపిస్తుందేమో చూడు. అడవికి నిప్పంటుకునే కాలం కదా, ఊరికే అడుగుతున్నాను.

వెర్నా పోలార్డ్


పైన్ నారోస్,
9 జూలై 1992

టీచర్ గారికి,

చిన్నప్పుడు మీరు నన్ను బల్ల దగ్గరికి పిలిచి, "నువ్వు చెప్పేదానికీ నీ చెవులు ఎర్రబడ్డానికీ పొంతన లేదు గార్త్" అన్నారు. కిటికీ అద్దం పగలగొట్టింది నేనే అప్పుడు.

ఇప్పుడు మీ చెవులు నాకు కనపడవు గాని ఉత్తరం కనపడుతోంది. ఎవరూ లేని చోట రెండో బండ జారుతుందని మీకెలా తెలుసు?

విమానం నుంచి తీసిన ఫోటోలు నిన్న వచ్చాయి. భూతద్దం పెట్టి చూశాను. ఆ సరస్సు ఒడ్డున ఒక కప్పు ఉంది. దాని వెనక తిన్నగా తీసిన చాళ్ళున్నాయి, బంగాళాదుంపల చాళ్ళలా. అడివి తిన్నని చాళ్ళు తియ్యదు కదా.

అక్కడెవరున్నారు టీచర్?

గార్త్


సెడార్ హౌస్, హార్‌గ్రేవ్,
15 జూలై 1992

గార్త్‌కు,

నాకు డెబ్భై ఆరేళ్ళు. ఏదో ఎక్కడో చూసింది ఇంకెక్కడో అనుకుని రాసి ఉంటాను. నీకు అప్పగించిన పని నంబర్లు వెయ్యడం. ముసలివాళ్ళ మతిమరుపు మీద విచారణ కాదు.

మిగిలిన సరస్సుల వివరాలు జతచేశాను. ఇక నా అవసరం ఉండదనుకుంటాను.

వి. పోలార్డ్


పైన్ నారోస్,
2 ఆగస్టు 1992

టీచర్ గారికి,

మీకు కోపం వచ్చిందని తెలుసు. అయినా రాస్తున్నాను. ఇది మీకు తెలియాలి.

గురువారం వెళ్ళాను. అడ్డకట్ట మీద నడవలేదు. రెండో బండ జారింది. ఎత్తెక్కి చూస్తే పొగ ఉంది, సన్నగా, నిటారుగా. దుంగలతో కట్టిన ఇల్లు, ఒడ్డున ఆవిరిస్నానపు గది, బోర్లించిన పడవ. కట్టెలు పేర్చిన తీరు చూస్తే పుస్తకాలు సర్దినట్టుంది. గుమ్మంలో ఒక ముసలాయన గొడ్డలికి కర్ర చెక్కుతున్నాడు. చూడగానే పోల్చుకున్నాను. మా చిన్నప్పుడు ఏడాదికి రెండుసార్లు కిరాణాకొట్టుకి గొడ్డలి కర్రలు తెచ్చి అమ్మే ఫిన్లండ్ ఆయన. కొట్టు మూసేశాక మళ్ళీ ఎవరూ చూడలేదు. ఎటో వెళ్ళిపోయాడనుకున్నాం.

"ఎవరు?" అన్నాడు.

"జిల్లా మనిషిని."

"ఏ జిల్లా?"

"తూర్పు."

"ఇది తూర్పు కాదు."

"పడమరా మరి?"

"పడమర కాదు."

"ఇంకేమిటండీ?"

"ఇది ఇక్కడ" అన్నాడు.

పేరు తౌనో రంటాలా అని చెప్పాడు. కాఫీ ఇచ్చాడు, రోడ్డుకి వేసే తారులా ఉంది. అటూ ఇటూ నడుస్తుంటే చూశాను, ఎడమకాలు ఈడుస్తున్నాడు. గొడ్డలి దిగిందట, మూడు వారాలైంది. గుడ్డ విప్పి చూపించమంటే చూపించాడు. మోకాలి దాకా వాచి ఎర్రగా ఉంది, వాసన కూడా బాగాలేదు. ఆసుపత్రికి రమ్మన్నాను. తల అడ్డంగా తిప్పాడు. "బాగుపడి ఏం చెయ్యాలి?" అన్నాడు. ఏడుపుగా కాదు, ధర అడిగినట్టు అడిగాడు.

అప్పుడు గోడ మీద చూశాను. బడిలో పిల్లలకిచ్చే వాచకం ఒకటి మేకుకి వేలాడుతోంది. తెరిచి చూస్తే లోపలి అట్ట మీద ఎర్రసిరాతో దిద్దుబాట్లు. ఆ చేతిరాత నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"ఇది పోలార్డ్ టీచర్‌ది కదూ" అన్నాను.

పుస్తకం తీసుకుని మళ్ళీ మేకుకి తగిలించాడు. తర్వాత చెప్పాడు. రెండేళ్ళ కిందట జూలైలో మీరు రాలేదట. ఆగస్టు దాకా చూసి, ఊళ్ళోకి నడిచి వచ్చాడట, పద్దెనిమిది మైళ్ళు. మీ ఇంట్లో వేరేవాళ్ళున్నారట. పెట్రోలు బంకులో పిల్లని అడిగితే, "టీచరా? పోయారు తాతా, చలికాలంలోనే పోయారు" అందట. టోపీ తీసి, మళ్ళీ పద్దెనిమిది మైళ్ళు నడిచి వచ్చేశాడట.

టీచర్, మీరు చనిపోయారనుకుని రెండేళ్ళు ఉన్నాడు ఆయన.

"పోవడమంటే అలా పోవడం కాదండీ! ఊరు మారారు. హార్‌గ్రేవ్‌లో ఉన్నారు. మొన్ననే నన్ను తిట్టారు" అన్నాను. నమ్మలేదు. జేబులోంచి మీ పదిహేనో తారీఖు ఉత్తరం తీసి చేతిలో పెట్టాను. చదవలేదు. చివర మీ సంతకం మీద బొటనవేలు పెట్టుకుని కూచున్నాడు. తర్వాత లేచి బయటికి వెళ్ళి కట్టెలు కొట్టాడు. ఆ కాలితో! వద్దన్నా వినలేదు, అరగంట కొట్టాడు.

వచ్చేటప్పుడు, "టీచర్‌కి ఏం చెప్పమంటారు?" అన్నాను.

ఆలోచించి, "బంగాళాదుంపలు బాగా వచ్చాయి" అన్నాడు.

ఆ కాలు చాలా చెడ్డగా ఉంది టీచర్. నా మాట వినడు. ఎవరి మాట వింటాడో మీకు తెలుసనుకుంటాను.

మీ
గార్త్


సెడార్ హౌస్, హార్‌గ్రేవ్,
6 ఆగస్టు 1992

నాయనా గార్త్,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. రెండు రోజులు భోజనానికి వెళ్ళలేదు. పక్కగది ఆవిడ వచ్చి నా పేరు అడిగితే చెప్పలేకపోయాను.

తౌనో మొదట మన బడికి కట్టెలు తోలేవాడు, 1951లో. ఇంగ్లీషు రాదు. కట్టెల లెక్క చీటీ మీద సంతకం పెట్టమంటే పెట్టి, "ఇందులో ఏముంది?" అని అడిగాడు. తెలియకుండా సంతకం పెట్టావా అని కోప్పడ్డాను. మర్నాటి నుంచి బడి వదిలాక మొదటి వాచకం పట్టుకుని వచ్చి మీ చిన్నపిల్లల బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూచునేవాడు. అతనికి ఫిన్లండ్‌లో భార్య ఉంది. ఈ దేశం రానంది, విడాకులూ ఇవ్వనంది. అతను అది మొదటి వారమే చెప్పాడు, వచ్చిన ఇంగ్లీషు అంతా కూడగట్టుకుని.

ఏటా జూలైలో నేను కింగ్‌స్టన్‌లో మా చెల్లెలి దగ్గరికి వెళ్తానని మీరంతా అనుకునేవారు. మీ అమ్మ నాకు దారిలో తినమని వెన్నపూస మిఠాయి కూడా కట్టి ఇచ్చేది. బస్సెక్కేదాన్ని. రెండో మలుపు దగ్గర దిగిపోయేదాన్ని. ముప్ఫై ఆరు వేసవులు, గార్త్.

ఆ నేల ఏ జిల్లాదీ కాదని కనిపెట్టింది నేనే, 1954లో, బడి బీరువాలోని రెండు పాత పటాలూ పక్కపక్కన పెట్టి. అతనికి చెబితే, "అయితే ఇక్కడ మనం ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు" అన్నాడు. ఎంత నవ్వుకున్నామో! జవాబు చెప్పక్కర్లేని చోట మన గురించి అడిగేవాళ్ళు కూడా ఉండరని అప్పుడు తోచలేదు.

1971లో అతని భార్య చనిపోయింది. మరుసటి వేసవి, చేప శుభ్రం చేస్తూ, "ఇక పెళ్ళి చేసుకోవచ్చు వెర్నా" అన్నాడు. నేను వద్దన్నాను. ఇరవై ఏళ్ళుగా అబద్ధం చెప్పానని ఊరికి తెలుస్తుంది. పిల్లలు నవ్వుతారు, బడి కమిటీ ఏమంటుందో. అవన్నీ చెప్పాను. "సరే" అని చేప కడిగాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ "సరే" నాకు ఇప్పటికీ వినబడుతుంది.

తుంటి విరిగినప్పుడు మా చెల్లెలు లేదు, అంతకుముందు ఏడే పోయింది. మేనల్లుడు ఇల్లమ్మి నన్ను ఇక్కడ చేర్చాడు. ఆ సరస్సుకి ఉత్తరం వెళ్ళదు, చిరునామానే లేదు. ఎవరితోనైనా కబురంపాలంటే ముందు వాళ్ళకి అంతా చెప్పాలి. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళ ముందూ మాట పెదవి దాకా వచ్చేది. మింగేసేదాన్ని. రెండేళ్ళు! బతికున్నాడో లేడో తెలియదు, తెలుసుకునే ధైర్యం లేదు. నీ జాబితాలో ముప్ఫై ఒకటి చూసినప్పుడు నువ్వు వెళ్ళకూడదనీ అనుకున్నాను, వెళ్ళాలనీ అనుకున్నాను. నేను చనిపోయాననుకుని అతను ఆ దారంతా ఒక్కడే నడిచి వెళ్ళాడని చదివాక, నా పరువు ఎంత చిన్న వస్తువో తెలిసింది.

ఇందులో వేరే కాగితం ఉంది, అతనికి. పెద్ద అక్షరాలు, చిన్న మాటలు. నువ్వు చదివి వినిపించవద్దు, ఎంతసేపైనా అతన్నే చదవనీ. తర్వాత నీ బండిలో ఎక్కించుకుని తీసుకురా.

పదిహేనో తారీఖు ఉత్తరానికి క్షమించు.

వెర్నా


హార్‌గ్రేవ్ ఆసుపత్రి, వరండాలోంచి,
11 ఆగస్టు 1992

టీచర్ గారికి,

ఈ చీటీ మీ సెడార్ హౌస్ బల్ల దగ్గర ఇచ్చి వెళ్తున్నాను. మీరు నడక అభ్యాసానికి వెళ్ళారట, ఆరింటికి గాని రారట. నేను బండి తిరిగి అప్పజెప్పాలి.

ఆయన వచ్చారు. కింది అంతస్తు, ఆరో గది.

మీ కాగితం పడవరేవు చివర కూచుని చదువుకున్నారు. గంట పట్టింది. ఒకచోట ఆగి, "ఈ మాట ఏమిటి?" అని వేలు పెట్టి అడిగారు. 'పిరికిదాన్ని' అని ఉంది. చెప్పాను. "ఇది తప్పు. దిద్దాలి" అన్నారు. లేచి, నీళ్ళపొయ్యి ఆర్పి, తెల్లచొక్కా వేసుకుని, "పద" అన్నారు. మూడు బండల దగ్గర నా వీపు మీద ఎక్కించుకున్నాను. దారంతా తెల్లచొక్కా మడతలు సరిచేసుకుంటూ కూచున్నారు. హార్‌గ్రేవ్ నీళ్ళ ట్యాంకు కనిపించాక, "తలకి నూనె ఉందా నీ దగ్గర?" అన్నారు. బండిలో ఇంజను నూనె తప్ప లేదు.

ఇంకో వారం ఆలస్యమైతే కాలు తియ్యాల్సి వచ్చేదన్నారు డాక్టరు. ఇప్పుడు అక్కర్లేదట.

చేర్చుకునే బల్ల దగ్గర చిన్న పేచీ. ఆ అమ్మాయి "చిరునామా?" అంది. నేను వివరించాను. "ఏదో ఒక జిల్లా రాయాలి సార్" అంది. "ఇక్కడ" అన్నారు ఆయన. చివరికి ఆ గడి ఖాళీగా వదిలేసింది.

గార్త్


సెడార్ హౌస్, హార్‌గ్రేవ్,
3 సెప్టెంబరు 1992

నాయనా గార్త్,

ఆ రోజు నా చక్రాల ఊతకర్ర తోసుకుంటూ రెండు వీధులు నడిచాను. రోడ్డు దాటుతుంటే ఒకడు హారన్ కొట్టాడు. నేను ఊతకర్రతో వాడి బండిని కొట్టాను.

గదిలో అటు తిరిగి పడుకుని ఉన్నాడు. చప్పుడుకి తిరిగి చూశాడు. "తల నెరిసిపోయింది" అన్నాడు. "నీకు మాత్రం నల్లగా ఉందా?" అన్నాను. "పోయినవాళ్ళకి ఇంకా నెరుస్తుందా అని" అన్నాడు. అంతవరకూ బాగానే ఉన్నాం ఇద్దరం. ఆ తర్వాత సంగతి నీకెందుకు.

మూడోరోజు నేనే అడిగాను పెళ్ళి సంగతి. ఇరవై ఏళ్ళ కిందట అడిగావు, అప్పుడు తెలివిలేక వద్దన్నాను, ఇప్పుడు నేను అడుగుతున్నాను అన్నాను. "కాలు నొప్పిగా ఉంది, రేపడుగు" అన్నాడు. మర్నాడు అడిగితే ఒప్పుకున్నాడు. పట్టణం ఆఫీసుకి వెళ్ళాం. దరఖాస్తులో మళ్ళీ అదే గడి, నివాసం. సెడార్ హౌస్ అని రాయమన్నాను. "నేను అక్కడ ఉండను. అబద్ధం ఇంక వద్దు వెర్నా" అన్నాడు. కలం కింద పెట్టేశాడు. దరఖాస్తు మడతపెట్టి నా సంచిలో పెట్టుకున్నాను.

అతను మంచుకి ముందే ఇంటికి వెళ్ళిపోతానంటున్నాడు, దుంపలు తవ్వుకోవాలట. ఆపలేను. కాని మళ్ళీ గొడ్డలి దిగితే, పొయ్యి అంటుకుంటే, ఎవరు వెళ్తారు? ఆ కెటిల్ సరస్సు ఆయనకి రెండు జిల్లాలుండి కూడా ఎవరూ వెళ్ళలేదు. ఇతనికి ఒక్కటీ లేదు.

నువ్వు ఆ చీలిక సంగతి రెండు జిల్లా కౌన్సిళ్ళ ముందూ పెడితే రెండూ వద్దన్నాయని మార్లీన్ ఫోన్‌లో చెప్పింది. నాలుగు మైళ్ళ దారికి మంచు తొయ్యాల్సి వస్తుందనేగా? తూర్పు అధ్యక్షుడు రస్ టంబ్లిన్, పడమటి అధ్యక్షురాలు ఆర్డిత్ గేల్. ఇద్దరూ నా బడి పిల్లలే. వాళ్ళకి చెరొక ఉత్తరం రాశాను. అందరి ముందూ చదవమన్నాను. ముప్ఫై ఆరు ఏళ్ళు నేనేం చేశానో అందులో దాచకుండా రాశాను. ఇక దాచేందుకు ఏమీ లేదు.

వెర్నా


పైన్ నారోస్,
21 నవంబరు 1992

టీచర్ గారికి,

పోయిన వారం రెండు కౌన్సిళ్ళూ కలిసి మన పాత బడి హాల్లో కూచున్నాయి. జనం గోడల దాకా నిలబడ్డారు. హాకీ పోటీకి కూడా ఇంతమంది రారు.

రస్ మీ ఉత్తరం చదివాడు. 'జూలైలో బస్సు దిగేదాన్ని' అన్నచోట ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ చదివాడు. ఎవరూ నవ్వలేదు టీచర్. మా అమ్మ వెనక వరసలో ఉంది. "ఆ మిఠాయి సగం ఆయనకీ పెట్టిందన్నమాట. నాలుగు ఎక్కువ కట్టి ఉండాల్సింది" అంది పైకే. అప్పుడు మాత్రం అందరూ నవ్వారు.

ఆర్డిత్ లేచి, "రస్, ఆ నేల నువ్వు తీసుకో. దుంగల దారి మా వైపునుంచే మొదలవుతుంది కనుక మంచు మేం తోస్తాం" అంది. "అంబులెన్సు?" అన్నాడు రస్. "ఎవరిది దగ్గరుంటే వాళ్ళది" అంది. నూట పద్దెనిమిదేళ్ళ తగువు పావుగంటలో తేలిపోయింది. మూడు బండల మీద చెక్కవంతెన కూడా వేస్తారట.

దారికి పేరు కావాల్సి వచ్చింది. తౌనో గారు 'సరస్సు దారి' అన్నారు. అలాంటివి పదకొండున్నాయి, కుదరదన్నాను. అయితే ఆయన ఆ సరస్సుని పిలుచుకునే పేరే పెడదామన్నాను, కిన్నస్ అని. వాళ్ళ భాషలో చేతితొడుగట. ఆఫీసువాళ్ళు స్పెల్లింగు రెండుసార్లు అడిగారు.

నంబరు పలక పాతడానికి గొయ్యి నన్ను తవ్వనివ్వలేదు, ఆయనే తవ్వారు. ముఖం అంత సంతోషంగా ఏం లేదు.

"ఇది ఉంటే అందరూ వస్తారా?" అన్నారు.

"అంబులెన్సు వస్తుంది."

"ఇంకా?"

"టీచర్ వస్తారు."

ఇంకో అడుగు లోతుకి తవ్వారు.

మీ
గార్త్


1108, కిన్నస్ రోడ్డు,
8 జూన్ 1993

నాయనా గార్త్, మార్లీన్,

పెళ్ళిలో సాక్షి సంతకం పెట్టి అటునుంచి అటే మంచుబండి ఎక్కి వెళ్ళిపోయావు, కేకు కూడా తినలేదు. ఇప్పుడు సరస్సు మీద మంచు పోయి నెలైంది. ఆదివారం ఇద్దరూ పిల్లల్ని తీసుకుని రండి. చెక్కవంతెన గట్టిగా ఉంది, నా ఊతకర్రతోనే దాటాను.

సెడార్ హౌస్‌లో గది నవంబరు దాకా అట్టేపెట్టమన్నాను. చలికాలం ఇక్కడ నా తుంటి ఊరుకోదు. తౌనో కూడా అప్పుడు నాతో వస్తానంటున్నాడు గాని, పదకొండున్నర భోజనం చూశాక ఏమంటాడో. అంతవరకూ ఇక్కడే. పొద్దున్నే లూన్ పక్షులు రెండు మా రేవు దగ్గరికి వచ్చి అరుస్తాయి. అతను వాటికి బదులు అరుస్తాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి!

రోజూ ఇద్దరం పోట్లాడుకుంటున్నాం. ఏటా మూడు వారాలు కలిసి ఉండటం వేరు, రోజూ ఉండటం వేరు. అతని కాఫీ నేను తాగను. నా రేడియో అతను వినడు. నిన్న మధ్యాహ్నమంతా మాట్లాడుకోలేదు. సాయంత్రం ఆవిరిస్నానానికి నీళ్ళు కాచి, గుమ్మంలో నిలబడి, "కోపం ఉన్నా స్నానం చెయ్యొచ్చు" అన్నాడు.

ఈ ఉదయం మలుపు దగ్గర పెట్టెకి మొదటి టపా వచ్చింది. అతనే వెళ్ళి తెచ్చాడు, దాదాపు పరిగెత్తుకుంటూ. తోటకి నీళ్ళు పట్టే గొట్టాలు చవగ్గా అమ్ముతున్నామని ఏదో హార్డ్‌వేర్ కొట్టు పంపిన రంగు కాగితం. నేను చూసి పొయ్యిలో వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. కళ్ళజోడు పెట్టుకుని పైన అచ్చేసిన మాట కూడబలుక్కుంటూ చదివాడు.

"ఇం-టి-వా-రి-కి. ఇంటివారు అంటే ఎవరు?"

"మనమే" అన్నాను.

కాగితం మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దుంపలకి మన్ను ఎగదొయ్యడానికి అలాగే వెళ్ళాడు.

మీ
వెర్నా రంటాలా